గుడికన్నా ముందే విచారణ

శౌరయ్య, ఇన్నారెడ్డి, రాయప్ప, చిన్నప్ప, జోజయ్య... గుంటూరు, పల్నాడు, కృష్ణా పల్లెల్లో పెరిగినవారికి ఈ పేర్లు కొత్తకాదు. బళ్లో హాజరు పలికేటప్పుడు రోజూ విన్నవే. కానీ అవి ఎక్కణ్నుంచి వచ్చాయో అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. శౌరి అంటే కృష్ణుడి పేరే కదా అనేవాళ్లూ ఉంటారు. ఈ శౌరి మాత్రం గోవాలో సమాధి ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్! తమిళ క్రైస్తవుల నోట సవేరియార్ అయ్యాడు, తెలుగుగడ్డ మీదికొచ్చాక శౌరిగా స్థిరపడ్డాడు. ఇగ్నేషియస్ ఇన్నాసి అయి, ఇన్నయ్య, ఇన్నారెడ్డి అయ్యాడు. పేతురును రాయప్ప అనీ, పౌలును చిన్నప్ప అనీ, యోహానును అరుళప్ప అనీ పిలుచుకున్నది కూడా తమిళులే.

అంటే పల్నాటి పల్లెల్లోని కతోలిక మతం ఓడ దిగి నేరుగా వచ్చింది కాదు. పుదుచ్చేరి నుంచి తమిళ పల్లెల మీదుగా పుంగనూరు దాకా, అక్కణ్నుంచి సీమ మెట్టల మీదుగా కృష్ణ ఒడ్డు దాకా నడిచి వచ్చింది. రెండు కోట్ల రూపాయల గాలిగోపురంలాంటి చర్చీలను ఇవాళ చూసేవారికి, ఆ నడకలో వందేళ్లకు పైగా చెప్పుకోదగ్గ కట్టడమే లేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ విచారణ ఉంది.

విచారణ అంటే కోర్టు విచారణో పోలీసు విచారణో కాదు. కతోలికుల భాషలో ఒక ఫాదరు గారి బాధ్యత కింద ఉండే ఊళ్ల సముదాయం. ఇంగ్లిషులో పారిష్ అంటారు. నాలుగైదు నుంచి పాతికముప్పై ఊళ్ల దాకా ఉండొచ్చు. ఆయన్ని విచారణ గురువులు అంటారు. మనుషుల మంచిచెడ్డలు విచారించడం ఆయన పని కాబట్టి ఆ మాట అతికినట్టు సరిపోయింది. ఇలాంటి విచారణలు కొన్ని కలిస్తే మేత్రాసనం. దానికి పెద్ద మేత్రాణులు, అంటే బిషప్పు.

కావిబట్టల ఫాదర్లు

మొట్టమొదట వచ్చింది చంద్రగిరికి. విజయనగర రాజు రెండో వేంకటపతి రాయలు కొలువుకు 1598లో జెసూట్ సభ గురువులు వచ్చారు. రాజు ఆదరించాడు, ప్రార్థన చేసుకోవడానికి అనుమతిచ్చాడు. రాజుగారి చుట్టూ అల్లుకున్న ఆ ప్రయత్నం ఇరవయ్యేళ్లు కూడా నిలవలేదు. ఊళ్లలో వేళ్లూనలేదు కాబట్టి ఎండిపోయింది.

ఆ తర్వాత వందేళ్లకు పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెసూట్లు బయల్దేరారు. కర్ణాటక మిషన్ అని దానికి పేరు. 1700 దాటిన తొలి ఏళ్లలోనే పుంగనూరులో అడుగుపెట్టారు. తర్వాత అనంతపురం వైపు కృష్ణాపురం, ఇటు చిక్కబళ్లాపురం... ఇలా విస్తరించారు. వీళ్లను చూసిన వారెవరూ ఐరోపావాళ్లనుకునేవారు కారు. కావిబట్టలు, శాకాహారం, సన్యాసి నడవడి. మధురైలో రాబర్ట్ డి నొబిలి వేసిన దారే ఇది. తమను ‘ఫిరంగులు’ అని ఎవరైనా అంటే వణికిపోయేవారు. గొడ్డుమాంసం తిని, కల్లు తాగి, కులం మర్యాద తెలియని పరాయివాళ్లని జనంలో ఆ మాటకు అర్థం. ఆ ముద్ర పడితే పెద్ద కులాల గడప తొక్కలేరు. ఫిరంగులం కాదని అంత జాగ్రత్తపడ్డ ఆ గురువుల వారసులే తర్వాతి కాలంలో ఓ ఊళ్లో గుంటూరు జిల్లాకే తలమానికమైన గుడి కట్టారు. ఆ ఊరి పేరు... ఫిరంగిపురం!

ఈ గురువులు మతం ఒక్కటే చూసుకుని ఊరుకోలేదు. 1730ల్లో కాల్మెట్ అనే ఫాదరు వేదాల ప్రతులు సంపాదించి పారిస్‌లోని రాజుగారి గ్రంథాలయానికి పంపాడు. కేర్దూ అనే మరో ఫాదరు 1742లో రాసిన ఉత్తరంలో అద్దకం బట్టల గుట్టంతా ఉంది. గుడ్డను పాలూ కరక్కాయల్లో నానబెట్టడం దగ్గర్నుంచి రంగు పట్టించడం దాకా, మతంలో చేరిన పనివాళ్లను అడిగి తెలుసుకుని పూసగుచ్చినట్టు రాశాడు. ఐరోపా ఎగబడి కొంటున్న కలంకారీ రహస్యం అలా సముద్రం దాటింది. దీన్ని విజ్ఞానం అనాలో పారిశ్రామిక గూఢచర్యం అనాలో చదివేవారిష్టం. అదే కేర్దూ తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చాడు. సంస్కృతంలో ఇన్ని మాటలు లాటిన్, గ్రీకులతో ఎందుకు కలుస్తున్నాయని 1767లో పారిస్ పండితులకు రాసి అడిగాడు. ఇదే మాట చెప్పి విలియం జోన్స్ పేరు తెచ్చుకున్నది 1786లో. కేర్దూ రాసింది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది. అప్పటికి ఆయనే లేడు.

మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము రాసిందీ ఆ శతాబ్దంలోనే. క్రీస్తు కథను తెలుగు ప్రబంధపు పద్యాల్లో చెప్పిన కావ్యం అది.

ఫాదరు లేని ఏళ్లు

18వ శతాబ్దం రాయలసీమకు కలిసిరాలేదు. కరవులు. మరాఠాల దండయాత్రలు. నవాబుల కొట్లాటలు, ఆపైన హైదరాలీ యుద్ధాలు. కృష్ణాపురం చుట్టుపక్కల మతంలో చేరిన రెడ్డి, కమ్మ కుటుంబాలు ఊళ్లు వదిలి ఉత్తరానికి, గుంటూరు సీమ వైపు కదిలాయి. నల్లరేగడి దొరికిన చోట ఆగిపోయాయి. తుమ్మా, గోపు, గాలి, ఉడుముల వంటి ఇంటిపేర్లున్న కతోలిక కుటుంబాల్లో మా పెద్దలు సీమ నుంచి వచ్చారని ఈనాటికీ చెప్పుకుంటారు.

సరిగ్గా ఆ సమయంలో రోములో పిడుగు పడింది. 1773లో పోపు 14వ క్లెమెంట్ జెసూట్ సభనే రద్దుచేశారు. కర్ణాటక మిషన్ పారిస్ విదేశీ మిషన్ సభ చేతికి వెళ్లింది. ఆపైన ఫ్రెంచి విప్లవం వచ్చి అక్కణ్నుంచి వచ్చే గురువులూ తగ్గిపోయారు. పుదుచ్చేరి నుంచి గుంటూరు దాకా ఉన్న పల్లెలన్నిటికీ వేళ్లమీద లెక్కపెట్టేంత మంది ఫాదర్లు. ఒక ఊరికి ఫాదరు వచ్చి వెళ్తే మళ్లీ వచ్చేదెప్పుడో తెలియదు.

అయినా ఆ పల్లెలు చెదిరిపోలేదు. దానికి కారణం ఉపదేశి.

ఉపదేశి గురువు కాదు. పెళ్లాంపిల్లలున్న, పొలం దున్నుకునే మామూలు మనిషి. జపాలు కంఠతా వచ్చినవాడు. ఆదివారం పూట ఊరివారిని తాటాకు పందిట్లో కూర్చోబెట్టి జపమాల చెప్పించేది ఆయనే. చావు దగ్గరైతే మంచం పక్కన ప్రార్థన చేసేదీ ఆయనే. బిడ్డ ప్రాణం మీదికొస్తే ఫాదరు కోసం ఆగకుండా ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని కతోలిక సభ నియమం. దివ్యబలిపూజ మాత్రం గురువు తప్ప ఇంకెవరూ చేయకూడదు. కాబట్టి ఒక తరం పిల్లలు బలిపూజ ఎలా ఉంటుందో సరిగా చూడకుండానే పెద్దవాళ్లయి, తమ పిల్లలకు జపాలు నేర్పారు. తెలుగు కతోలిక చరిత్ర పుస్తకాల్లో విదేశీ గురువుల పేర్లు పేజీలకు పేజీలుంటాయి. ఈ ఉపదేశుల పేర్లు వెతికితే గుప్పెడు కూడా దొరకవు. గుడి లేని కాలంలో గుడి పని చేసింది వీళ్లే.

గానుగ సున్నం, గంట గోపురం

దశ తిరిగింది 1875లో. లండన్ మిల్‌హిల్ సభ గురువులు తెలుగు ప్రాంతం బాధ్యత తీసుకున్నారు. వాళ్లు వచ్చిన మరుసటేడే ధాత కరవు విరుచుకుపడింది. గంజికేంద్రాలు, అనాథ పిల్లలు, చావులు... మిషన్లన్నిటికీ చేతినిండా పని. కరవు వెనక్కి తగ్గాక కట్టడాలు మొదలయ్యాయి.

ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయాన్ని జర్మనీ నుంచి వచ్చిన మిల్‌హిల్ గురువు థియోడర్ డీక్‌మన్ కట్టించారు. 1890 ప్రాంతం మాట. కొండవీటి కొండల నీడలో, చుట్టూ పూరిళ్లున్న ఆనాటి పల్లెలో అంత ఎత్తున లేచిన గోడలను ఊహించుకోవాల్సిందే. సిమెంటు ఇంకా ఊళ్లకు రాని రోజులు. గానుగలో తిప్పిన సున్నం, ఇసుక, బెల్లపునీరు, కరక్కాయ కషాయం కలిపి నూరిన గచ్చుతోనే ఆనాటి పెద్ద కట్టడాలన్నీ లేచాయి. పైకప్పు బరువు గోడల మీద పడి అవి పక్కకు తోసుకుపోకుండా బయట వైపు దన్నుగోడలు, మొనదేలిన కమానులు. ఇదంతా ఐరోపా గోతిక్ పద్ధతి. కట్టిన చేతులు మాత్రం మన ఉప్పరులవి, వడ్డెరలవి.

లోపలికి వెళితే ఐరోపా అక్కడితో ఆగిపోతుంది. చెప్పులు గుమ్మం బయటే. కింద కూర్చోవడమే. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు కొంగు తలమీద కప్పుకుని మరో పక్క. పండగ రాత్రి మరియమాత స్వరూపాన్ని తేరు మీద ఊరేగిస్తారు. దీపాలు, పూలదండలు, మేళం అన్నీ ఉంటాయి. జూలైలో ఫిరంగిపురంలో జరిగే కార్మెల్ మాత ఉత్సవానికి అన్ని మతాలవాళ్లూ వస్తారు.

పల్నాడు పల్లెలకు దారి చూపింది మనుషులైతే, సికింద్రాబాదుకు దారి చూపింది సైన్యం. కంటోన్మెంటులోని ఐరిష్ సిపాయిల కోసం వచ్చిన డేనియల్ మర్ఫీ కట్టించిందే సెయింట్ మేరీస్ చర్చి. 1850లో పూర్తయింది. ఆ మర్ఫీ తర్వాత ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియాలో హోబార్ట్ ఆర్చిబిషప్పు అయి, 1907లో కన్నుమూశారు. ఆయన కట్టిన గుడిని 2008లో రోము మైనర్ బసిలికాగా గుర్తించింది. నిజాం నగరంలో గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ 1870ల నాటిది. అది మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ గురువుల చేతి చలవ. అటు ఉత్తరాంధ్రకు 1846లో వచ్చింది ఫ్రెంచి ఆల్ప్స్ పర్వతాల్లోని అన్నెసీ గురువులు. ఆ వెనకే మూడేళ్లకు యానాంలో సెయింట్ జోసెఫ్ కన్యస్త్రీలు దిగారు. విశాఖ రేవు దగ్గర రాస్ అనే ఆయన కొండమీద కట్టుకున్న ఇల్లు తర్వాత మరియమాత గుడి అయింది. పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వెంకన్న. విశాఖవాసులకు మూడూ కావాలి.

బెజవాడ గుణదల కథ వేరు. అక్కడ గుడికన్నా ముందు వచ్చింది గుహ. అనాథాశ్రమం చూసుకునే ఇటలీ గురువు పాలో అర్లాటి 1924లో కొండ గుహలో లూర్దు మాత స్వరూపాన్ని నిలిపారు. చర్చి కట్టింది 1937లో. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్లకు లక్షల మంది వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. లూర్దు ఫ్రాన్సులో ఉన్నా మొక్కు తీర్చుకునే తీరు మాత్రం మనదే.

అదే గుడి, రెండు వైపులు

చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా, చెప్పకపోతే విచారణల కథ సగమే అవుతుంది. కావిబట్టలతో పెద్ద కులాల గడప తొక్కిన ఆనాటి గురువులు, ఆ గడప కోసం దళితుల వాడల వైపు పోకూడదన్న కట్టుబాటునూ ఒప్పుకున్నారు. రోముకు ఇది నచ్చలేదు. పుదుచ్చేరికి వచ్చిన పోపు ప్రతినిధి టూర్నన్, 1704లో అంటరానివారి ఇళ్లలో జబ్బుపడ్డవాళ్ల దగ్గరికి గురువులు వెళ్లి తీరాలని ఆదేశించారు. నలభై ఏళ్లు వాదోపవాదాలు నడిచాయి. చివరికి 1744లో ఒక రాజీ కుదిరింది. దళితుల కోసం వేరుగా గురువులు! ఆజ్ఞ అమలైంది, అంటూ పోలేదు.

19వ శతాబ్దం చివర్లో మాల, మాదిగ పల్లెలు పెద్దసంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చాయి. ఇవాళ తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది వాళ్లే. కానీ ఊళ్లో గుడి ముందే ఉంది. అందులో ఎవరెక్కడ కూర్చోవాలో కూడా ముందే తేలిపోయి ఉంది. ఎన్నో ఊళ్లలో దళితులు వెనక వరసలకో పక్క రెక్కకో పరిమితమయ్యారు. వాడలో చిన్న ప్రార్థనాలయం వేరుగా కట్టుకున్నారు. సమాధుల దొడ్లో గోడ లేచింది. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధాన పత్రంలో, సభలో వివక్ష ఉందని స్వయంగా ఒప్పుకుంది.

పై మెట్లు ఎక్కడానికీ అంతే కాలం పట్టింది. తెలుగువారిలో తొలి మేత్రాణులు పోతకమూరి తోమాసు. ఆయన గుంటూరు పీఠం ఎక్కింది 1940లో. అంటే పుంగనూరులో తొలి జ్ఞానస్నానాలు జరిగిన దాదాపు 240 ఏళ్లకు. హైదరాబాదు ఆర్చిబిషప్పుగా దళితుడైన మరంపూడి జోజి వచ్చింది 2000లో. అదే పీఠం మీదున్న కర్నూలు జిల్లా బిడ్డ పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనే కాదు, దేశంలోని దళితుల్లోనూ ఆయనే తొలి కార్డినల్.

పాత గోడకు కొత్త సిమెంటు

1962 నుంచి 65 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తెలుగు గుళ్ల లోపలి రూపు మార్చేసింది. అప్పటిదాకా బలిపూజ లాటిన్‌లో. ఫాదరు గారు జనానికి వీపు పెట్టి బలిపీఠం వైపు తిరిగి చదివేవారు. అర్థం తెలియకపోయినా ముసలమ్మలు లాటిన్ జవాబులు తప్పులేకుండా చెప్పేవారు. మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది, గురువు జనం వైపు తిరిగారు. గోడకు ఆనించి ఉన్న చెక్కడపు బలిపీఠాల ముందు కొత్తగా బల్లలు వచ్చాయి. కొన్నిచోట్ల పాత పీఠాలను ఊడదీశారు. టేకు చెక్కడాలు, రంగు వేసిన ప్లాస్టరు స్వరూపాలు కొట్టు గదుల పాలయ్యాయి.

ఇప్పుడు గుళ్ల వంతు. జనం పెరిగారు, పాత గుడి చాలడం లేదు. విదేశాల్లో స్థిరపడ్డ పిల్లలు డబ్బు పంపుతున్నారు. పాతది కూల్చి, ఆ చోటే పెద్ద కాంక్రీటు గుడి కట్టడం చాలా ఊళ్లలో జరిగింది. కూల్చనిచోట్ల మరమ్మతు పేరుతో సిమెంటు పూస్తున్నారు. పైకి బాగున్నట్టే కనిపిస్తుంది గానీ గానుగ సున్నం గోడకు సిమెంటు పూత పడదు. సున్నం గోడ పీల్చుకున్న చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగిస్తుంది. నాలుగైదు వానాకాలాలు తిరిగేసరికి పూత ఉబ్బి పెచ్చులూడుతుంది, లోపల ఇటుక పొడి అవుతుంది. మళ్లీ సున్నమే పూయాలి. ఆ సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు అరుదు.

గోడలకన్నా విలువైంది ఒకటి ఫాదరు గారి బంగళాలో బీరువాలో ఉంటుంది. విచారణ రిజిస్టరు. జ్ఞానస్నానం ఒకదాంట్లో, పెళ్లి ఇంకోదాంట్లో, చావు మరోదాంట్లో. పాతవి లాటిన్‌లో రాసినవి. శౌరయ్య అందులో జేవేరియుస్, ఇన్నయ్య ఇగ్నాసియుస్. తల్లిదండ్రుల పేర్లు, ఊరు, జ్ఞాన తల్లిదండ్రులు, పోసిన గురువు సంతకం. సర్కారు జనన నమోదు సరిగా లేని రోజుల్లో పుట్టినవారికి వయసు రుజువు ఇదే. ఏడు తరాల వెనక్కి వెళ్లాలన్నా కతోలిక రైతు కుటుంబాలకు ఈ పుస్తకాలే దారి.

అదే పుస్తకం పక్క వాడలోని కుటుంబానికి మరోలా కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర వాళ్లను బీసీ-సిలో చేర్చారు. దానికి రిజర్వేషను ఒక్క శాతం. అందుకే బడి రిజిస్టరులో ఒక పేరు, విచారణ రిజిస్టరులో ఇంకో పేరు ఉన్న ఇళ్లు వాడవాడలా ఉన్నాయి. ఆదివారం గుళ్లో జోజయ్య, సోమవారం ఆఫీసులో ఇంకొకరు. జ్ఞానస్నానం పత్రం కావాలని వచ్చే పెద్ద రైతు కొడుకు అమెరికా కాగితాలకు జత చేయడానికి అడుగుతాడు. వాడ నుంచి వచ్చే కుర్రాడికి ఆ పత్రంతో పెళ్లప్పుడు తప్ప పని పడదు. అది కూడా గుళ్లో ఇచ్చి, గుళ్లోనే వదిలేసి వెళతాడు.